ఎస్టీమ్‌కి టర్బో: 0.4 బార్ దగ్గర ఎందుకు ఆగాం

బండి ట్రాక్టరు వెనక తాడుతో వచ్చింది. 2003 మోడల్ మారుతి ఎస్టీమ్ వీఎక్స్‌ఐ కారు. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర్నుంచి నెల్లూరు ఆటోనగర్‌లోని మా షెడ్డు దాకా అట్టాగే లాక్కొచ్చారు. బానెట్ ఎత్తితే లోపల కంపెనీ వాళ్లు పెట్టనిది ఒకటి కనపడింది. ఎగ్జాస్ట్ పక్కన నల్లగా మాడిపోయిన టర్బో (పొగ తోపుడుకి తిరుగుతూ ఇంజన్లోకి గాలిని నొక్కి పంపేది), దాని నుంచి త్రాటిల్ (ఇంజన్లోకి గాలి పోయే ద్వారం) దాకా నేరుగా ఒక రబ్బరు గొట్టం. మధ్యలో ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేదు. డ్యాష్‌బోర్డు మీద మాత్రం నీలం లైటు వెలిగే బూస్ట్ గేజీ ఉంది. బూస్ట్ అంటే టర్బో అదనంగా ఎక్కించే గాలి ఒత్తిడి.

కుర్రాడికి పాతికేళ్లుంటాయి. చదువైపోయి నాన్నతో గుంటలు చూసుకుంటున్నాడు. టర్బోని ఎవరో బయట బిగించారట. పందొమ్మిది రోజులు బండి ఎగిరిందట. ఇరవయ్యో రోజు కోవూరు దాటాక సైలెన్సర్లోంచి నీలం పొగ, ఆ తర్వాత ఇంజన్ వణుకు.

"బూస్ట్ ఎంత పెట్టారు?" అన్నాను.

"తెలీదన్నా. గేజీలో సూది ముప్పావు దగ్గర నిలబడేది."

ముప్పావు అంటే 0.75 బార్, బయటి గాలి ఒత్తిడి మీద ఇంకో ముప్పావు వంతు. కంపెనీ పిస్టన్లు, కంపెనీ ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), ఇంటర్‌కూలర్ లేదు, ఎండాకాలం నెల్లూరు. పందొమ్మిది రోజులు ఎట్టా బతికిందా అన్నదే నా అనుమానం.

అతని కోరిక ఒక్కటే. బండి బాగు కావాలి, టర్బో మాత్రం ఉండాలి. నాన్న కొన్న మొదటి కారు, అమ్మే ప్రసక్తి లేదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద తిప్పుకోవాలని ఆశ.

ముందు నేనొక షరతు పెట్టాను. టర్బో ఎక్కాక ఈ బండి రోడ్డు మీద తిరగకూడదు, ట్రాక్‌కి ట్రెయిలర్ మీదే పోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అంతకంటే పెద్ద భయం ఇన్సూరెన్స్. రేపు ఎవరికైనా తగిలితే క్లెయిమ్ దగ్గర మొదట అడిగేది ఈ టర్బో సంగతే. కుర్రాడు ఒప్పుకున్నాడు. వాళ్ల నాన్న కూడా ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి ఒప్పించాను. కుర్రాళ్ల మాట మీద నాకు పూర్తి నమ్మకం ఉండదు.

ఇంజన్ ఏం చెప్పింది

కంప్రెషన్ గేజీ పెడితే ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లలో 176 నుంచి 180 పౌండ్లు. మూడో దాంట్లో 95. అందులో రెండు చెంచాల ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 140కి లేచింది. ఆయిల్ పోస్తే లేచిందంటే వాల్వుల కంటే ముందు రింగుల్నే అనుమానించాలి. లీక్‌డౌన్‌లో, అంటే సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎంత శాతం కారుతోందో చూసే పరీక్షలో, గాలి పెడితే ఆయిల్ పోసే మూత దగ్గర బుస్సుమని వచ్చింది.

అసలు సాక్ష్యం ప్లగ్గు మీద దొరికింది. మూడో సిలిండర్ ప్లగ్గు తీసి లెన్సు కింద పెడితే తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్లచుక్కలు. వాటి మధ్య ఒకటి రెండు మెరిసే గుండ్రటి పూసలు. ఆ పూసలు అల్యూమినియం. అంటే పిస్టన్ కరిగి ప్లగ్గుకి అంటుకుంది. ఇది నాకింగ్ చేసే పనే. ప్లగ్గు మంట చేరకముందే లోపలి మిశ్రమం తనంతట తానే పేలడాన్ని నాకింగ్ అంటాం. మామూలు అరుగుదలకి ఇట్టాంటి గుర్తు రాదు.

హెడ్ దించి పిస్టన్ బయటికి తీస్తే మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే గట్టు వేలెడు పొడుగున విరిగి ఊడొచ్చింది. మేం దాన్ని రింగ్ ల్యాండ్ అంటాం. కుర్రాడికి చూపిస్తే, "గుంట గట్టు తెగినట్టే గదన్నా" అన్నాడు. నేను ఇంకెట్టా చెప్పినా ఇంతకంటే బాగా అర్థమయ్యేది కాదు. గట్టు తెగాక ఒత్తిడంతా కిందికి దిగి ఆయిల్ ఛాంబర్లోకి పోతుంది, ఆయిల్ పైకెక్కి కాలుతుంది. నీలం పొగ అదే.

ఎందుకు తెగిందనేది వివరంగా చెప్పాలి. బయట చాలా మంది ఇదే తప్పు చేస్తున్నారు.

ఈ ఇంజన్ జీ13బీబీ. 1298 సీసీ, 74 మి.మీ. బోరు, 75.5 మి.మీ. స్ట్రోకు, పదహారు వాల్వులు, 85 హార్స్ పవర్. లోపలికి ఎంత గాలి వస్తోందో ఈసీయూకి తెలిసేది ఇన్‌టేక్‌లో ప్రెషర్ చూసే మ్యాప్ సెన్సర్ వల్ల. కంపెనీ సెన్సర్ బయటి గాలి ఒత్తిడి దాకానే కొలుస్తుంది, అంటే సుమారు ఒక బార్. టర్బో పెట్టి లోపల 1.75 బార్ చేసినా అది ఒకటే అంటుంది. ఈసీయూ ఒక బార్‌కి సరిపడే పెట్రోలే కొడుతుంది, టైమింగ్ (ప్లగ్గు నిప్పు కొట్టే క్షణం) కూడా ఒక బార్‌కి తగ్గట్టే ఇస్తుంది. బువ్వ ముగ్గురికి వండి పంక్తిలో ఐదుగుర్ని కూర్చోబెట్టినట్టు. ముందు బిగించినాయన ఫ్యూయల్ రెగ్యులేటర్‌ని బిగించి ప్రెషర్ కొంచెం పెంచాడు. దాంతో ఐడిలింగ్‌లో బండి పెట్రోలు వాసన కొట్టిందే గానీ బూస్ట్‌లో కావలసినంత పెట్రోలు అందలేదు.

మూడో సిలిండరే ఎందుకు అనేదానికి ఇంకో ఆధారం దొరికింది. బ్లాకులో నీళ్లు తిరిగే దారి గీకితే సున్నంలాంటి తెల్లటి పెచ్చు. వెనక సిలిండర్ల పక్కన మరీ మందంగా ఉంది. "కూలెంట్ ఏం పోస్తారు?" అంటే కుర్రాడు తల గోక్కున్నాడు. గుంటల దగ్గర బోరు నీళ్లు పోసేవాళ్లట. సముద్రం ఒడ్డు బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా ఉంటాయి, రేడియేటర్లో ఇరవై ఏళ్లు పోస్తే ఏమవుతుంది! ఆ పెచ్చు ఉన్న చోట వేడి నీళ్లలోకి దిగదు. వేడెక్కిన సిలిండర్‌లోనే ముందు నాకింగ్ మొదలవుతుంది.

ఎండ లెక్క

టర్బో అనగానే అందరూ అడిగేది బూస్ట్ ఎంత అని. నేను ముందు అడిగేది త్రాటిల్ దగ్గర గాలి ఎన్ని డిగ్రీలని. సైకిల్ పంపుతో గాలి కొడితే పంపు మూతి కాలుతుంది, టర్బో చేసేదీ అదే పని. రోహిణి కార్తెలో మనకి నీడలోనే 42 డిగ్రీలు. ఆ గాలిని 0.4 బార్ నొక్కితే, కంప్రెసర్ 65 శాతం సమర్థతతో పనిచేస్తుందనుకుంటే, బయటికి వచ్చేటప్పటికి సుమారు 90 డిగ్రీలు ఉంటుంది. 0.75 బార్‌కి 120 దాటుతుంది.

వేడెక్కిన గాలి పలచబడుతుంది. 0.4 బార్ అంటే ఒత్తిడి 40 శాతం పెరిగింది, కానీ 90 డిగ్రీల దగ్గర గాలి బరువు పెరిగేది 21 శాతమే. మధ్యలో ఒక మోస్తరు ఇంటర్‌కూలర్ పెట్టి 56 డిగ్రీలకి దించితే అదే 0.4 బార్‌కి 34 శాతం వస్తుంది. బూస్ట్ పెంచకుండా వచ్చే లాభం ఇది. అంతకంటే ముఖ్యం, 90 డిగ్రీల గాలికి నాకింగ్ వచ్చే టైమింగ్‌కే 56 డిగ్రీల గాలికి రాకపోవచ్చు. ఊటీలో నడిచే సెట్టింగు నెల్లూరులో నడవదని మా కుర్రాళ్లకి ఎప్పుడూ చెప్తుంటాను.

అందుకని ఈ బండికి బూస్ట్ 0.4 బార్ అని అప్పుడే కాగితం మీద రాసి గోడకి అంటించాను. కుర్రాడు 0.6 అడిగాడు. కంపెనీ పిస్టన్లు పోత పోసినవి, సాగవు, దెబ్బ తగిలితే పెళుసుగా విరుగుతాయి. ఒత్తి చేసిన గట్టి పిస్టన్లు, అంటే ఫోర్జ్‌డ్ పిస్టన్లు, కావాలంటే బయట దేశం నుంచి తెప్పించాలి. ఆ ఖర్చుకి అప్పటికి అతను సిద్ధంగా లేడు.

ముందు టర్బో లేకుండా

బోరు 0.50 మి.మీ. ఓవర్‌సైజు చేయించాం, కొత్త పిస్టన్లు వేశాం. రింగులు మాత్రం డబ్బాలోంచి తీసి అట్టాగే ఎక్కించలేదు. రింగుని సిలిండర్లో పెట్టి, పిస్టన్‌తో సమంగా కిందికి తోసి, రెండు కొసల మధ్య ఫీలర్ గేజీ దూర్చి చూస్తే 0.25 మి.మీ. వచ్చింది. మామూలు బండికి అది చాలు. బూస్ట్‌లో రింగు ఇంకా వేడెక్కుతుంది, సాగుతుంది. కొసలు రెండూ ఒకదానికొకటి తగిలితే దానికి పోవడానికి ఎక్కడా చోటు ఉండదు, గట్టునే పగలగొడుతుంది. సన్న ఆకురాయితో ఒక కొసనే, ఒక వైపుకే రుద్దుతూ 0.36కి తెచ్చాం. నాలుగు సిలిండర్లకి ఒక పూటంతా పట్టింది. మా హెల్పర్ కుర్రాడు మూడోసారి కొలవమంటే, "ఇంతకంటే ముత్యాలు గుచ్చడం నయం" అన్నాడు.

హెడ్‌కి గాస్కెట్ మందంగా వేసి కంప్రెషన్ తగ్గిద్దామని లేత్ మేస్త్రి సలహా ఇచ్చాడు. పాత పద్ధతి అది. ఛాంబర్లో కిరోసిన్ పోసి బ్యూరెట్‌తో కొలిచి లెక్కేస్తే గాస్కెట్‌తో కలిపి ఒక్కో సిలిండర్‌కి 39 సీసీ వచ్చింది. 74.5 బోరుకి కంప్రెషన్ నిష్పత్తి 9.4. గాస్కెట్ ఇంకో మి.మీ. పెంచితే 8.6కి దిగుతుంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్ అంచుకీ దానికీ మధ్య సందు ఇరుగ్గా ఉంటేనే అక్కడి గాలీ పెట్రోలూ మధ్యలోకి చిమ్మి బాగా కలుస్తాయి, తొందరగా కాలతాయి. ఆ సందు మి.మీ. పెరిగితే మూలల్లో మిశ్రమం నిలిచిపోతుంది, నాకింగ్ మొదలయ్యేది అట్టాంటి మూలల్లోనే. తగ్గించిన కంప్రెషన్ వల్ల వచ్చే లాభాన్ని ఇది తినేస్తుంది. మామూలు మందమే, మూడు రేకుల స్టీలు గాస్కెట్ వేశాం. హెడ్, బ్లాకు రెండూ ఫేసింగ్ (ముఖం చదును) చేయించి, స్కేలు పెట్టి కింద లైటు వేసి చూశాక ఎక్కించాం. బోల్టులు కొత్తవి.

తర్వాత బండిని కంపెనీ ఈసీయూతో, కంపెనీ మ్యానిఫోల్డుతో (సిలిండర్ల పొగని ఒకచోటికి చేర్చే గొట్టాలు), టర్బో లేకుండా వెయ్యి కిలోమీటర్లు నడపమని ఇచ్చేశాను. కుర్రాడి మొహం చిన్నబోయింది. రింగులు సిలిండర్‌కి ఒదగాలి. రెండోది, మామూలుగా ఈ ఇంజన్ ఎంత పవరిస్తుందో తెలియకపోతే తర్వాత వచ్చిన నంబరుకి అర్థం ఉండదు. తిరిగొచ్చాక ట్రెయిలర్ మీద చెన్నైలో పవర్ కొలిచే డైనో మీదికి ఎక్కిస్తే చక్రాల దగ్గర 69 హార్స్ పవర్. నాలుగు సిలిండర్లలో లీక్‌డౌన్ 5 నుంచి 7 శాతం. అప్పుడు టర్బో పని మొదలుపెట్టాం.

సామాను

పాత టర్బోని వాడలేదు. అది ఒక డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌ది, చవగ్గా దొరికిందని ఎవరో తెచ్చి పెట్టారు. పెట్రోలు ఇంజన్ పొగ డీజిల్ పొగ కంటే ఎక్కువ వేడి. ఫుల్ లోడ్‌లో 900 డిగ్రీల దగ్గరికి పోతుంది. డీజిల్ టర్బో హౌసింగు ఆ వేడికి చేసింది కాదు. తీసి చూస్తే పగుళ్లు రానే వచ్చాయి.

చెన్నై పుదుప్పేటలో రెండు రోజులు తిరిగి ఫియట్ లీనియా టీ-జెట్ నుంచి తీసిన ఐహెచ్ఐ ఆర్‌హెచ్‌ఎఫ్3 పట్టుకున్నాం. 1368 సీసీ పెట్రోలు ఇంజన్‌కి కంపెనీయే పెట్టిన టర్బో, నీళ్లతో చల్లబడే రకం, మన ఇంజన్‌కి దాదాపు సరిసమానం. పాత టర్బో కొనేవాళ్లు షాఫ్ట్ పట్టుకుని ఆడించి చూస్తారు గానీ ఏం చూడాలో తెలీక మంచిదాన్ని వదిలేస్తారు. షాఫ్ట్ అటూ ఇటూ కొంచెం ఆడొచ్చు, ఆయిల్ వస్తే ఆ సందు నిండుతుంది. ముందుకీ వెనక్కీ ఆడకూడదు. రెక్కలు హౌసింగుకి ఎక్కడా గీరుకున్న మెరుపు ఉండకూడదు. మేం తెచ్చిన దానికి పద్దెనిమిది వేలు. యాక్చుయేటర్ (బూస్ట్ హద్దు దాటకుండా పొగని పక్కకి వదిలేది) తీసి 0.4 బార్ స్ప్రింగు ఉన్నది వేశాం. బూస్ట్ పెంచుకునే ఎలక్ట్రానిక్ సోలెనాయిడ్ కావాలనే పెట్టలేదు. చేతిలో బటన్ ఉంటే చెయ్యి ఊరుకోదు.

ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మేమే చేశాం. ఇక్కడ బియ్యం మిల్లుల బాయిలర్లకి వేసే మందం స్టీము పైపు, అది దొరకడానికి నెల్లూరులో కష్టపడక్కర్లేదు. ఫ్లాంజి 12 మి.మీ. రేకు. వెల్డింగ్ అయ్యాక వంకర పోతుందని తెలుసు గనక హెడ్‌కే బిగించి ఉంచి వెల్డ్ చేసి, చల్లారాక మళ్లీ ఫేసింగ్ చేయించాం. టర్బో బరువు మ్యానిఫోల్డు మీదే వేలాడకుండా కింద ఒక బ్రాకెట్. ఇది మానేసి మ్యానిఫోల్డు పగిలిన బండ్లు మా షెడ్డుకి మూడొచ్చాయి.

ఇంజెక్టర్ల లెక్క చేతితోనే వేశాం. 115 హార్స్ పవర్ లక్ష్యం. టర్బో ఇంజన్ ఒక్కో హార్స్ పవర్‌కి గంటకి తాగే పెట్రోలు, నాలుగు ఇంజెక్టర్లు, 80 శాతానికి మించి తెరిచి ఉండకూడదన్న జాగ్రత్త, ఇవి పెట్టి చూస్తే ఒక్కోటి నిమిషానికి 225 సీసీ దాకా కావాలి. పైన ఇంకో ఎనిమిది శాతం కలపాలి. ఎందుకంటే ఇప్పుడు బంకులో వచ్చేది ఇ20. పెట్రోలు ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలంటే, 20 శాతం ఇథనాల్ కలిసిన దానికి 13.5 చాలు. అంటే అదే గాలికి ఎక్కువ పోయాలి. పాత పుస్తకాల్లో అంకెలు చూసి ట్యూన్ చేసేవాళ్లు ఇక్కడ పడిపోతున్నారు. మేం 280 సీసీవి వేశాం, గేజీలో గాలి-పెట్రోలు నిష్పత్తి కాకుండా లాంబ్డా చూశాం. లాంబ్డా 1 అంటే పెట్రోలుకి సరిపడా గాలి, తగ్గితే పెట్రోలు ఎక్కువ, పెరిగితే గాలి ఎక్కువ. ఏ పెట్రోలైనా లాంబ్డాకి అర్థం మారదు. ఇరవై ఏళ్ల పెట్రోలు పైపులు కూడా మొత్తం తీసేశాం. ఒకదాన్ని వంచితే ఎండిన కాకరకాయ తొక్కలా పగిలింది. వేడి టర్బో పక్కన పెట్రోలు పైపు పగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మిగతావి గబగబా చెప్తాను. మనమే ట్యూన్ చేసుకునే స్టాండలోన్ ఈసీయూ, మూడు బార్‌ల మ్యాప్ సెన్సర్, వైడ్‌బ్యాండ్ లాంబ్డా, ఇంటర్‌కూలర్ తర్వాత గాలి వేడి చూసే సెన్సర్, ఆయిల్ ప్రెషర్ గేజీ. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి, గ్యాప్ 0.6 మి.మీ. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటిది, బాష్‌లో తగ్గితే చల్లటిది, కొట్లో ఇది తేల్చుకోకుండా తెచ్చి వేడివి బిగించిన వాళ్లున్నారు. పీసీవీకి (ఇంజన్ లోపలి ఆవిరిని లాగే దారి) వెనక్కి ఊదనివ్వని వాల్వు, ఆ ఆవిరిలోని ఆయిల్ పట్టే ఒక క్యాచ్ క్యాన్. కొత్త రేడియేటర్, సీసా కూలెంట్. క్లచ్ డైనో మీద నాలుగో గేరులో జారాక మార్చాం, ముందే మార్చాల్సింది.

ఇంటర్‌కూలర్‌కి ముందు చోటు లేదు. ఏసీ కండెన్సర్ తీసేస్తేనే కుదురుతుంది. మే నెలలో నెల్లూరు మనిషిని ఏసీ పీకేసుకోమన్న మెకానిక్‌ని నేనొక్కణ్ణేనేమో. "ట్రాక్ మీద పదిహేను నిమిషాలే గదా" అని సర్దిచెప్పాను. ఇంటర్‌కూలర్ చుట్టూ రేకుతో గోడలు కట్టి, గ్రిల్లులోంచి వచ్చిన గాలి పక్కనుంచి జారిపోకుండా దానిలోంచే పోయేట్టు చేశాం. ఆ రేకు ఖర్చు మూడు వందలు. ఇంటర్‌కూలర్ ఎంత పెద్దదైనా ఆ రేకు లేకపోతే సగం దండగ.

నా తప్పు

డైనో మీద ఇరవై నిమిషాలు నడిచాక సైలెన్సర్లోంచి నీలం పొగ. నా గుండె జారింది. రింగులు మళ్లీ పోయాయనుకున్నాను. లీక్‌డౌన్ చూస్తే బాగానే ఉంది. టర్బో సీలు పోయిందనుకుని విప్పాం. షాఫ్ట్ శుభ్రంగా ఉంది, పుదుప్పేట కొట్టాయన్ని అనవసరంగా తిట్టుకున్నాను.

తప్పు నాది. టర్బోలోకి ఆయిల్ ప్రెషర్‌తో వస్తుంది గానీ బయటికి పోయేటప్పుడు ప్రెషర్ ఉండదు, తన బరువుతో కిందికి జారాల్సిందే. నేను ఆ రిటర్న్ గొట్టాన్ని సంపుకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి) వెల్డ్ చేసిన చోటు ఆయిల్ మట్టం కంటే కింద ఉంది. డిప్‌స్టిక్ పెట్టి కొలిచి గీత గీసుకోకుండా, చెయ్యి అందే చోట పెట్టేశాను. గొట్టం కొస ఆయిల్లో మునిగితే పైనుంచి వచ్చేది ఆగి, టర్బోలో నిండి, సీలు దాటుకుని ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. సీలు మంచిదే అయినా సరే. సంపు దించి, పాత చిల్లు మూసి, 45 మి.మీ. పైన కొత్తది పెట్టాం. గొట్టం లోపలి వెడల్పు 16 మి.మీ., ఎక్కడా అడ్డంగా పడుకోకుండా నిటారుగా. పొగ పోయింది. నాలుగు రోజులూ డైనో అద్దె ఒక పూటా నా ఖాతాలో పోయాయి, కుర్రాడి దగ్గర తీసుకోలేదు.

ట్యూనింగ్

రెండోసారి డైనో. ఫ్రిజ్ మెకానిక్ దగ్గర ఆరు మి.మీ. రాగి పైపు తెచ్చుకుని, ఒక కొసని సుత్తితో చదును చేసి, చిల్లు కొట్టి బ్లాకుకి బోల్టుతో బిగించాను. రెండో కొసకి రబ్బరు గొట్టం, దాని చివర చెవులు మూసే మఫ్. ఈ బోరుకి నాకింగ్ శబ్దం సుమారు 7.7 కిలోహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. మామూలు చెవికి ఇంజన్ గోలలో వినపడదు. ఈ గొట్టంలో మాత్రం రేకు డబ్బాలో చింతపిక్కలు పోసి ఒకసారి ఊపినట్టు ఉంటుంది. ఒకసారి విన్నవాడు మర్చిపోడు.

బూస్ట్ లేకుండా ఉండే భాగమంతా ముందు సరిచేశాం. తర్వాత లాంబ్డాని బూస్ట్‌లో 0.80కి కట్టేశాం. 95 ఆక్టేన్ పెట్రోలు పోశాం. టైమింగ్ మాత్రం వెనకనుంచి ముందుకి. టర్బో లేనప్పుడు 5,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ పైకి చేరడానికి 28 డిగ్రీల ముందు నిప్పు పడేది, 0.4 బార్‌కి 18 దగ్గర మొదలుపెట్టాం. ఒక్కో డిగ్రీ పెంచుతూ టార్క్ చూడటమే పని. 18 నుంచి 20కి బాగా పెరిగింది. 21కి కొంచెం. 22కి ఏమీ పెరగలేదు, గాలి 58 డిగ్రీలకి చేరినప్పుడు గొట్టంలో చింతపిక్కలు రెండుసార్లు వినిపించాయి. కాలు తీసేశాను. 20 దగ్గర లాక్ చేశాం. ఆ పోయిన రెండు డిగ్రీలకి మూడు హార్స్ పవర్ కూడా లేదు.

జాగ్రత్తలు ఈసీయూలోనే రాశాం. గాలి 50 డిగ్రీలు దాటితే ప్రతి ఐదు డిగ్రీలకి ఒక డిగ్రీ టైమింగ్ వెనక్కి. 75 దాటితే ఇంజన్ 4,000 మించి తిరగదు. బూస్ట్ ఏ కారణంతోనైనా 0.55 ముట్టితే పెట్రోలు కట్. లాంబ్డా 0.88 దాటి పలచబడినా అంతే. మ్యాప్ సెన్సర్ గొట్టానికి రెండు వైపులా క్లిప్పులు. అది ఊడితే ఈసీయూకి బూస్ట్ కనపడదు, పాత కథ మళ్లీ మొదలు.

చక్రాల దగ్గర 90 హార్స్ పవర్ వచ్చింది. 69 మీద 30 శాతం. కాగితం మీద 34 అనుకున్నాం, మిగతా నాలుగు వెనక్కి తీసిన టైమింగ్‌లోనూ గొట్టాల్లోనూ పోయాయనుకోండి.

ట్రాక్ మీద

ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. మొదటిసారి పోయింది మే చివర్లో. తెల్లవారుజామున ట్రెయిలర్ కట్టుకుని బయల్దేరితే పొద్దున తొమ్మిదికి అక్కడున్నాం. వరసలో పది నిమిషాలు ఇంజన్ ఆన్‌లో నిలబడేసరికి గాలి వేడి 71 చూపించింది. డైనో మీద ఇది మాకు రాలేదు, అక్కడ ముందు పెద్ద ఫ్యాన్ ఉంది. కుర్రాడు ఆ వేడితోనే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాడు. ఈసీయూ టైమింగ్ నాలుగు డిగ్రీలు వెనక్కి లాగింది, బండి మొద్దుగా లేచింది. "ఏందన్నా, పవరే లేదు" అని రేడియోలో. "సగం చుట్టు మెల్లగా పోనీ, 55కి దిగాక తొక్కు" అన్నాను. దిగింది, తొక్కాడు, తర్వాత మాట్లాడలేదు.

నాలుగు చుట్లు వేగంగా, ఒక చుట్టు మెల్లగా, లోపలికి వచ్చాక రెండు నిమిషాలు ఐడిలింగ్, అప్పుడే స్విచ్ ఆఫ్. ఇదే పద్ధతి ఇప్పటికీ. బ్రేకులు మాత్రం మూడో సెషన్‌లోనే వాసన కొట్టాయి. ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ ముందే మార్చాం గానీ బండి ఇప్పుడు చేరే వేగానికి ఆ డిస్కులు చిన్నవి. అది వచ్చే పని.

మొత్తం ఖర్చు రెండు లక్షల అరవై వేలు దాటింది. అందులో ఇంజన్ బాగుచేతకి యాభై అయిదు, ఈసీయూ, వైరింగు, ట్యూనింగ్ కలిపి లక్ష పైన. టర్బోది పద్దెనిమిది వేలే. మా దగ్గరికి వచ్చేవాళ్లందరూ అడిగేది మాత్రం ఆ పద్దెనిమిది వేల సంగతే. బండికి బయట లక్ష కూడా రాదని వాళ్ల నాన్న లెక్క చెప్పాడు, నేను కాదనలేదు.

ఎనిమిది ట్రాక్ రోజులు అయ్యాక మొన్న మళ్లీ లీక్‌డౌన్ చూశాం. 6, 6, 8, 7 శాతం. మూడో సిలిండర్ ప్లగ్గు లెన్సు కింద పెట్టాను. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంది, చుక్కల్లేవు. కుర్రాడు నా భుజం మీదుగా తొంగి చూసి, "అయితే 0.6కి స్ప్రింగు మార్చొచ్చు గదన్నా" అన్నాడు. ఫోర్జ్‌డ్ పిస్టన్ల కొటేషన్ కాగితం చేతిలో పెట్టాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.